అక్లూజ్ తోటలో ఇటలీ నల్లద్రాక్ష

పోయిన నెల ఈ పేజీలో మన జిల్లా దానిమ్మ గురించి రాశాను. తొక్కతో నూలుకు రంగు ఎట్లా పడుతుందో చెప్పాను. అది చదివి ఇద్దరు ముగ్గురు అడిగారు: "ద్రాక్ష గురించి ఎందుకు రాయవు కాకా? మన నాన్నజ్ ద్రాక్ష ఎక్కడెక్కడికో పోతది గదా." రాద్దామనే అనుకున్నా. ఇంతలో ద్రాక్ష వేరే దారిలో నా గడప దగ్గరికి వచ్చింది.

సంక్రాంతి పోయిన వారం. రాత్రి భోజనాలయ్యాయి. మా వెనక గల్లీ చెల్లె వచ్చి గడప మీద కూర్చుంది. సొంత చెల్లె కాదు, ముప్పై ఏళ్ళ ఇరుగుపొరుగు. చేతిలో బీడీల చాట లేకుండా ఆమెను చూడడం అరుదు. ఆ రోజు చాట లేదు.

"అన్నా, పిల్లగానికి నౌకరి దొరికింది."

"మంచి మాటే గదా."

"మంచి మాట గాదు. తాగే మందు చేసే కాడ దొరికింది."

పిల్లగాడు కెమిస్ట్రీలో బీఎస్సీ చేసినవాడు. అక్లూజ్ దగ్గర ద్రాక్ష తోట, దానికి ఆనుకుని వైన్ చేసే చోటు. అక్కడి ల్యాబులో పని. పగార్ మన కార్ఖానాలో ఇచ్చేదానికంటే ఎక్కువే, ఉండడానికి గది ఇస్తారట. ఆమె బాధ పగార్ గురించి కాదు. వాళ్ళాయన మిల్లు మూతబడ్డాక పవర్‌లూమ్ మీదికి పోయాడు. పన్నెండు గంటల పాళీ, పాళీ దిగితే సీసా. నలభై మూడేళ్ళకు లివర్ పోయింది. అప్పుడు ఈ పిల్లగాడు ఆరో తరగతి. మన చౌక్‌లో ఇట్లాంటి ఇళ్ళు ఎన్నో నేను లెక్కపెట్టి చెప్పక్కరలేదు, చదివేవాళ్ళకు తెలుసు.

"నువ్వు పుస్తకంల రాస్తవు. నీ మాటంటే వానికి గురి. పోవద్దని చెప్పు," అంది.

చూడకుండా చెప్పడం నాకు చేతకాదు. ఒకసారి వాడితో పోయి చూసొచ్చి చెప్తానన్నాను. ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున ఇద్దరం ఎస్టీ ఎక్కాం. పండరిపురం మీదుగా వంద కిలోమీటర్ల పైనే ప్రయాణం. ఈ నెల ముచ్చట ఆ ప్రయాణం గురించే.

*

బస్సులో ముందు మనకు తెలిసిన ద్రాక్ష గురించే మాట్లాడుకున్నాం. బార్షీ రోడ్డు మీద నాన్నజ్ ఉంది కదా, బట్టమేక పిట్టల అభయారణ్యం ఉన్న ఊరు. ఆ ఊరి రైతు నానాసాహెబ్ కాళే తన తోటలో తీగల్ని ఒక్కొక్కటి కనిపెట్టి చూసి, మిగతావాటికి తేడాగా కాసిన కొమ్మను పట్టుకుని, దాన్నుంచి కొత్త రకాలు తీశాడు. పొడుగు గింజ సోనాకా ఆయనదే. సోలాపూర్‌లో సో, నాన్నజ్‌లో నా, కాళేలో కా కలిపి ఆ పేరు పెట్టారని చెప్తారు. మంగళవార్ బజార్‌లో మనం నల్లద్రాక్ష అని కొనుక్కునే శరద్ సీడ్‌లెస్ కూడా ఆయన తోట నుంచి వచ్చిందే. రష్యా వైపు నుంచి వచ్చిన కిష్మిష్ చోర్నీ అనే నల్లద్రాక్ష దానికి మూలం. చదువుకున్న శాస్త్రవేత్త కాదు, కన్ను ఉన్న రైతు. మగ్గం మీద ఒక పోగు తేడా వస్తే మన పెద్దవాళ్ళ వేలికి తెలిసినట్టు ఆయన కంటికి కొమ్మ తేడా తెలిసింది.

కానీ అది తినే ద్రాక్ష. గింజ ఉండొద్దు, కాయ పెద్దగా ఉండాలి, పల్చని తొక్కతో కొరికితే కరకరమనాలి. వైన్ చేసే ద్రాక్షకు కావలసినవి దాదాపు అన్నీ తలకిందులు. కాయ చిన్నగా ఉండాలి. గింజలు ఉంటాయి. తీపి బాగా ఎక్కువ ఉండాలి, ఆ తీపి పక్కనే పులుపూ నిలబడాలి. అన్నిటికంటే ముఖ్యం తొక్క. ఎందుకో తర్వాత చెప్తా.

అక్లూజ్ అంటే మనకు తెలిసింది నీరా నది, చెరుకు, చక్కెర ఫ్యాక్టరీ. అక్కడికి వైన్ ద్రాక్ష వచ్చి సుమారు ఇరవై ఏళ్ళు. 2007 ప్రాంతంలో ఫ్రటెల్లి అనే కంపెనీ మొదలైంది. ఇటాలియన్ భాషలో ఆ మాటకు అన్నదమ్ములని అర్థం. అక్లూజ్ మోహితే పాటిల్ అన్నదమ్ములు, ఢిల్లీ సేఖ్రీ అన్నదమ్ములు, ఇటలీ సెక్కీ అన్నదమ్ములు, మూడు జంటలు కలిసి పెట్టినది కాబట్టి ఆ పేరు. మోటేవాడీ, గార్వాడ్, నిమ్‌గావ్ ఊళ్ళలో తోటలు వేశారు. టస్కనీ ప్రాంతం నుంచి పియేరో మాసీ అనే వైన్ పెద్దమేస్త్రి వచ్చి పని నడిపించాడు. ఆయనతో పాటు ఆయన ఊరివైపు ద్రాక్ష కూడా వచ్చింది. దాని పేరు సాంజొవేజె.

ఆ పేరు మొదట విన్నప్పుడు నాకు నాలుక తిరగలేదు. పిల్లగాడు నవ్వాడు. "మామా, మన ఇంటిపేర్లు వాళ్ళకు తిరుగుతాయా చెప్పు," అన్నాడు.

*

తోటలో పని చేసే ఆమె ఒకరు మాకు వరసలు చూపించింది. మరాఠీ ఆమె, చేతిలో కత్తెర, తలకు తువ్వాల. తువ్వాల మన సోలాపూర్‌దే. తినే ద్రాక్షకు మండువా లాగా పందిరి వేస్తారు, కాయలు తల మీద వేలాడుతాయి. ఇక్కడ తీగల్ని తీగకంచె లాగా నిలువుగా కట్టారు. ఎండ, గాలి గుత్తికి రెండు వైపులా తగలాలని.

నాలుగు రకాలు చూపించి చివరికి సాంజొవేజె వరస దగ్గరికి తీసుకుపోయింది. నీలం కలిసిన నలుపు కాయ, పైన బూడిద రాసినట్టు తెల్లటి పొడి. చూడడానికి మన నేరేడు పిందె లాగా ఉంది. ఒకటి కొయ్యి తినమంది. నోట్లో వేసుకున్నా. ముందు తీపి. వెంటనే పులుపు. తొక్క నమిలితే నాలుక పక్కలు పట్టుకుని లాగినట్టయింది. గింజ కొరికితే చేదు. వాక్కాయ, నేరేడు, కరక్కాయ మూడూ వరసగా వచ్చి పోయినట్టు అనిపించింది. ఇటలీవాళ్ళు దీన్ని పుల్లటి చెర్రీ రుచి అంటారట. మన బేకరీ కేకు మీద పెట్టే ఎర్ర చెర్రీ లెక్కలోకి రాదు. చాలాసార్లు అది చక్కెర పాకంలో నానబెట్టిన వాక్కాయే!

ఈ ద్రాక్ష గుణం గురించి నాకు అర్థమైనంత చెప్తా. తొక్క పల్చన. అందుకే దీని వైన్‌కు మరీ ముదురు రంగు రాదు. కాబర్నే అనే ఫ్రెంచి ద్రాక్ష రసం సిరాలాగా ఉంటే, దీనిది కుంకుమ నీళ్ళ లాగా ఉంటుంది, ఏళ్ళు గడిస్తే అంచున ఇటుక రంగు తిరుగుతుంది. రంగు తక్కువైనా పులుపూ వగరూ తగ్గవు. నిదానంగా పండుతుంది. టస్కనీలో సెప్టెంబర్ చివర, అక్టోబర్ దాకా తీగ మీదే ఉండాలి. సరిగ్గా అప్పుడే అక్కడ వానలు దిగుతాయి, పల్చని తొక్క పగిలి కాయ కుళ్ళుతుంది. వాళ్ళకు అదే భయం. తొందరపడి పచ్చిగా కోస్తే పులుపు తప్ప ఏమీ మిగలదు. కాయ ఎక్కువ కాయనిస్తే రుచి పల్చబడిపోతుంది. మంచి నేల, మంచి చెయ్యి దొరికితేనే లొంగుతుంది. 1590లో సోదెరీని అనే ఆయన రాసిన రాతల్లో సాంజొగెటో అనే ద్రాక్ష మాట ఉంది, ఇదేనని చాలామంది అంటారు. దీనితో మంచి వైన్ వస్తుంది, ఏమరుపాటుగా ఉంటే వెనిగర్ అవుతుంది అని ఆయన అప్పుడే హెచ్చరించాడు.

పేరుకు అర్థం జూపిటర్ దేవుడి రక్తమని చెప్పుకుంటారు. పుట్టుక మాత్రం వలస పుట్టుకే. 2004లో డీఎన్ఏ పరీక్షలు చేసినవాళ్ళు దీని తల్లిదండ్రుల్లో ఒకటి టస్కనీది, చిల్యేజోలో అని, రెండోది దూరాన దక్షిణాదిన కలాబ్రియా వైపుదని చెప్పారు. చిల్యేజోలో విషయంలో తర్వాత పండితుల మధ్య వాదం నడిచింది, అది తల్లిదండ్రుల వరసా, పిల్లల వరసా అని. అయినా దక్షిణాది చుట్టరికం ఉన్న ద్రాక్ష ఉత్తరాదిన పేరు తెచ్చుకుంది. కరీంనగర్ నుంచి, నల్లగొండ నుంచి, పాలమూరు నుంచి మగ్గం చేతులతో వచ్చి సోలాపూర్ చాద్దర్‌కు పేరు తెచ్చిన మనకు ఈ కథ కొత్త కాదు.

ఇంకో చుట్టరికం కూడా ఉంది. ఈ ద్రాక్షతో చేసే వైన్లలో అందరికీ తెలిసిన పేరు కియాంతి. క్లాసికో అని రాసే కియాంతిలో వందకు ఎనభై పాళ్ళకు తగ్గకుండా సాంజొవేజె ఉండాలని వాళ్ళ నియమం. పాత రోజుల్లో కియాంతిని పొట్ట ఉబ్బిన గాజు బుడ్డిలో పోసి, బుడ్డి చుట్టూ గడ్డితో అల్లిక వేసేవారు. ఆ అల్లిక పని ఇళ్ళలో ఆడవాళ్ళది. మన ఇళ్ళలో బీడీలు చుట్టినట్టే. ఆ టస్కనీలోనే ఫ్లోరెన్స్ పక్కన ప్రాటో అనే ఊరుంది. అది మిల్లుల ఊరు. పాత ఉన్ని గుడ్డల్ని చీల్చి మళ్ళీ దారం తీసి నేయడంలో పేరున్న ఊరు. వాళ్ళకూ బయటి దేశాలతో పోటీ వచ్చింది, కార్ఖానాలు మూతబడ్డాయి, చైనా నుంచి పనివాళ్ళు వచ్చారు. ద్రాక్ష తోటలు, మగ్గాలు ఒకే నేలలో ఉండడం మన జిల్లాకే ప్రత్యేకం కాదన్నమాట.

*

తొక్క సంగతి చెప్తానన్నా కదా. నేను రంగు కార్ఖానాలో ముప్పై ఒక్క ఏళ్ళు నూలు ముంచి తీసినవాణ్ణి కాబట్టి నాకు అన్నిటికంటే ఇదే పట్టింది.

నల్లద్రాక్ష ఏదైనా సరే పిండి చూడండి, ఒకటి రెండు రకాలు తప్ప రసం తెల్లగానే వస్తుంది. రంగు రసంలో లేదు, తొక్కలో ఉంది. అందుకని ఎర్ర వైన్ చేసేటప్పుడు కాయల్ని చితక్కొట్టి తొక్కతో సహా పెద్ద ట్యాంకులో పోస్తారు. ఈస్టు అనే సూక్ష్మజీవి రసంలో చక్కెరను తిని ఆల్కహాల్ చేస్తుంది, గ్యాస్ వదులుతుంది. గ్యాస్‌తో తొక్కలన్నీ పైకి తేలి దుప్పటిలా కప్పుకుంటాయి. ఆ దుప్పటిని రోజుకు రెండు మూడు సార్లు కిందికి తొక్కాలి, లేదా అడుగు రసాన్ని పైకి తోడి దాని మీద పోయాలి. లేకపోతే రంగు దిగదు, పైన ఎండి చెడిపోతుంది. తొట్టిలో నూలు తిప్పకుండా వదిలేస్తే ఏమవుతుందో మనకు తెలుసు. ఒకచోట ముదురు, ఒకచోట వెలితి. పిల్లగాడికి నేను చెప్పక్కరలేకపోయింది, వాడే అన్నాడు: "ఇది మీ రంగు తొట్టే మామా."

నాలుకను లాగిన వగరు ఉందే, దాని పేరు టానిన్. అదే కరక్కాయలో ఉంటుంది, దానిమ్మ తొక్కలో ఉంటుంది, ముదురు చాయ్‌లో ఉంటుంది. మన పెద్దలు నూలుకు ముందు కరక్కాయ నీళ్ళు పట్టించి, తర్వాత పటిక వేసి, ఆపైన రంగు వేసేవారు. అట్లా చేస్తే రంగు పోగును పట్టుకుని ఉంటుంది, పక్కా అవుతుంది. వైన్‌లో కూడా టానిన్ ఉంటేనే రంగు ఏళ్ళ తరబడి నిలుస్తుందట. సాంజొవేజెకు వగరు ఉంది గాని రంగు తక్కువ. అందుకని కొన్నిచోట్ల దానికి కాబర్నే కలుపుతారు. అక్లూజ్‌లో సెట్టే పేరుతో వచ్చినది ఆ రెండింటి కలయికే. సెట్టే అంటే ఇటాలియన్‌లో ఏడు.

ఇటలీ తీగ మన ఎండకు ఎట్లా బతుకుతుందని నేను అడిగాను. కత్తెర ఆమె చెప్పిన జవాబు ఇది. అక్కడ చలికి ఆకులు రాలి తీగ నిద్రపోతుంది, వసంతంలో లేస్తుంది, ఏడాదికి ఒకసారి కత్తిరిస్తే చాలు. ఇక్కడ తీగకు నిద్ర లేదు. అందుకని రెండుసార్లు కత్తెర పెడతారు. ఏప్రిల్‌లో ఖరడ్ ఛాటణీ, కొమ్మలు తయారవడానికి. అక్టోబర్‌లో గోడీ ఛాటణీ, కాయ కోసం. కత్తెర రెండుసార్లు, పంట ఒక్కసారే. కాయ డిసెంబర్, జనవరి చలిరాత్రుల్లో పెరిగి ఫిబ్రవరి, మార్చిలో పండుతుంది. అప్పుడు మన దగ్గర వాన ఉండదు. టస్కనీలో దీన్ని పీడించే కోతకాలపు వాన ఇక్కడ మామూలుగా రాదు. వస్తే మాత్రం అకాల వాన, రాళ్ళ వాన. 2014 ఫిబ్రవరి, మార్చిలో పడ్డ రాళ్ళ వాన ద్రాక్ష రైతుల్ని ఎట్లా ముంచిందో జిల్లాలో ఎవరూ మర్చిపోలేదు.

"ఈ తీగకు సెలవు లేదు, మాకూ లేదు," అని నవ్వింది ఆమె. నేను నవ్వలేకపోయాను. పాళీలు చేసినవాళ్ళకు ఆ మాట ఎక్కడ తగులుతుందో తెలుసు.

*

ఇప్పుడు అసలు మాట. చెల్లెకు నేనేం చెప్పాలి?

మన రాష్ట్రంలో వైన్ గురించి ఒక మాట బాగా తిరుగుతుంది: "వైన్ మందు కాదు, పండ్లరసం లాంటిది." 2001లో ప్రభుత్వం ద్రాక్షను వైన్‌గా మార్చే పరిశ్రమకు ప్రత్యేక విధానం తెచ్చింది, నాసిక్ జిల్లా వించూర్‌లో, సాంగ్లీ జిల్లా పలూస్‌లో పార్కులు పెట్టింది. 2022 జనవరిలో మంత్రివర్గం పెద్ద కిరాణా దుకాణాల్లో కూడా వైన్ అమ్మొచ్చని నిర్ణయించింది. రైతుకు మేలని ఒకవైపు, ఇంటింటికీ మందు తెస్తారా అని ఇంకోవైపు పెద్ద రచ్చ అయింది. రైతు మేలు సంగతి నేను కాదనను. తినే ద్రాక్ష ధర పడిపోయిన ఏడు బేదాణా చేసుకోవడం తప్ప దారిలేని రైతుల్ని చూశాను.

కానీ పండ్లరసం అన్న మాటను నేను ఒప్పుకోను. ల్యాబులో పని చేసే అమ్మాయి ఒకరు మాకు కాగితం మీద లెక్క వేసి చూపించింది. మీరూ వేసుకోవచ్చు. ఈ ఎర్ర వైన్‌లో ఆల్కహాల్ వందకు సుమారు 13 పాళ్ళు. సీసా 750 మిల్లీలీటర్లు. అంటే సీసాలో దాదాపు 97 మిల్లీలీటర్ల ఆల్కహాల్. మన చౌక్ దగ్గర అమ్మే విస్కీ, రమ్ములో వందకు 42.8 పాళ్ళు. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. అందులో ఆల్కహాల్ 77. సీసా వైన్‌లో క్వార్టర్ కంటే ఎక్కువే ఉంది! ఒక్క గ్లాసు, 150 మిల్లీలీటర్లు వేసుకుంటే 19.5. అరవై మిల్లీలీటర్ల పెగ్గులో ఉండేది 25.7. గ్లాసు వైన్ అంటే పెగ్గులో ముప్పావు వంతు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో తేల్చి చెప్పింది, ఆరోగ్యానికి హాని లేదనదగ్గ మోతాదు ఆల్కహాల్‌కు ఏదీ లేదని. గుండెకు మంచిది అని ఎవరైనా సీసా తెస్తే ఈ లెక్క చూపించండి.

ఆ లెక్క వేసి చూపించింది ఆ పని చేసే అమ్మాయే. దాచలేదు. అది నాకు నచ్చింది.

నేను ఆమెను ఇంకో సంగతి అడిగాను, కార్ఖానా మనిషిని కాబట్టి. ఇక్కడ ప్రమాదం ఏమిటి? ఆమె వెంటనే చెప్పింది: గ్యాస్. రసం పొంగేటప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్ గాలి కంటే బరువు. అడుగున, ట్యాంకు లోపల, పల్లం గదుల్లో నిలబడిపోతుంది. కంటికి కనపడదు. ఖాళీ ట్యాంకు కడుగుదామని దిగినవాడు పడిపోతాడు, వాణ్ణి తీయడానికి దిగినవాడూ పడిపోతాడు. అందుకని మీటరుతో గాలి చూడకుండా, బయట ఒక మనిషి లేకుండా ఎవరూ ట్యాంకులో దిగకూడదు. డ్రైనేజీ గుంతల్లో మనవాళ్ళు పోయిన వార్తలు గుర్తొచ్చాయి. పిల్లగాడికి అక్కడే చెప్పాను: ఎంత పెద్ద సాబ్ చెప్పినా సరే, మీటరు లేకుండా దిగొద్దు. నౌకరి పోతే ఇంకోటి వస్తది.

వాడు తలూపాడు. తిరుగు బస్సులో కిటికీ దగ్గర కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. మోహోళ్ దాటినాక అన్నాడు: "మామా, మా నాయిన సీసా దాచుకునే జాగ నాకు ఇప్పటికీ గుర్తుంది. బియ్యం డబ్బా వెనక. అమ్మకు నేను చెప్పేవాణ్ణి కాదు. చెప్తే కొట్లాట అయితదని."

నాకు ఏమనాలో తోచలేదు. భుజం మీద చెయ్యి వేసి కూర్చున్నా.

*

ఇంటికొచ్చి చెల్లెతో చూసింది చూసినట్టు చెప్పాను. పోవద్దని చెప్పలేదు, పొమ్మని చెప్పలేదు. తోట సంగతి, కత్తెర ఆమె సంగతి, క్వార్టర్ లెక్క, గ్యాస్ సంగతి, అన్నీ చెప్పాను. బస్సులో మాట మాత్రం చెప్పలేదు. అది వాడు చెప్పుకోవలసింది.

ఆమె చాలాసేపు బీడీ ఆకు కత్తిరిస్తూ కూర్చుంది. తర్వాత అడిగింది: "వాడు అది తాగి చూడాల్నా? నౌకరిల అది కూడా ఉంటదా?"

అబద్ధం చెప్పలేను కదా. రుచి చూసే పని ఉంటుంది, నోట్లో పోసుకుని ఉమ్మేస్తారు, దానికి పక్కన బకెట్ పెట్టుకుంటారు, ల్యాబులో మటుకు చాలా పని మిషన్లతో, గాజు గొట్టాలతో అయిపోతుంది అని చెప్పాను.

"ఉమ్మేస్తరా?" అంది. మొదటిసారి కొంచెం నవ్వింది. "మా ఆయనకు ఆ ఇద్య తెల్వకపాయె."

నాలుగు రోజుల తర్వాత కొడుకును కూర్చోబెట్టి మాట్లాడిందట. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. మార్చి మొదట్లో వాడు పోయాడు. ప్రతి పదిహేను రోజులకు ఇంటికి రావాలి, వచ్చినప్పుడు ఆమె పక్కన కూర్చుని అన్నం తినాలి. అదొక్కటే షరతు. ఎందుకో మన ఆడవాళ్ళకు వేరే చెప్పక్కరలేదు. పక్కన కూర్చుంటే వాసన తెలుస్తుంది.

మొదటిసారి వచ్చినప్పుడు వాడి తెల్ల అంగీ మీద ఎర్ర మరకలు. కోత కాలం, ట్యాంకుల పని మీదుంది. అంగీకి పులిసిన పండు వాసన. ఆమె అంగీని ఇంట్లోకి రానివ్వలేదు. గడప బయటే బకెట్‌లో వేసి సోడా నీళ్ళు పోసింది. పోసిన కాసేపటికి మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది.

"అన్నా, ఎర్ర మరక నీలం తిరిగింది! ఇదేం మందు?"

పోయి చూశాను. నిజంగానే నీలం, కొంచెం ఆకుపచ్చ కలిసినట్టు. మందేమీ కాదు. ద్రాక్ష తొక్కలో ఉండే ఆ రంగు పులుపులో ఎర్రగా, సోడాలో నీలంగా తిరుగుతుంది. మందార పువ్వు రసమూ అంతే, నేరేడు మరకా అంతే. కాస్త నిమ్మకాయ పిండి చూపించాను. పిండిన చోట మళ్ళీ ఎర్రబడింది. పిల్లగాడు లోపల్నుంచి అరిచాడు, "అమ్మా, నేను రోజూ చేసేది ఇదే పని!" ఆమె బకెట్ ముందు కూర్చుని ఇంకో నిమ్మచెక్క పిండింది, మళ్ళీ సోడా వేసింది, మళ్ళీ నిమ్మ పిండింది. అంగీ ఉతకడం మర్చిపోయింది.

ఆ మరక పూర్తిగా పోలేదు, జేబు దగ్గర ఇంకా లేతగా ఉంది. మీ ఇళ్ళలో నేరేడు, ద్రాక్ష మరకలుంటే సబ్బు పెట్టకముందే నిమ్మరసమో వెనిగరో రుద్ది చల్లటి నీళ్ళతో కడగండి. ఆరిపోయాక చేస్తే కష్టం.

వచ్చే నెల బేదాణా గురించి రాస్తాను. పండరిపురం వైపు ద్రాక్ష ఆరబెట్టే షెడ్లలో పనికి పోయిన మన చౌక్ ఆడవాళ్ళు ఎవరైనా ఉంటే ఒకసారి ఇంటికొచ్చి చెప్పండి. చాయ్ నాది.